ఆ ఇళ్ళ వరస మ్యూజియం అయ్యేలోపు

చిరంజీవి అమ్మడికి, ఆశీస్సులు.

ఇంగ్లండులో మీ ట్రస్టుకి పాత ఇళ్ళ వరస దక్కిందని, వెంటనే మ్యూజియం తెరిచెయ్యాలని మీవాళ్ళు తొందరపడుతున్నారని రాశావు. నా ఉద్యోగమంతా అక్కడే ఇలాంటి కట్టడాల మరమ్మతులతోనే గడిచింది కదా, అడిగినదానికన్నా కాస్త ఎక్కువే చెబుతాను.

ముందు కోవెంట్రీ వెళ్ళి అప్పర్ స్పాన్ స్ట్రీట్‌లో బ్లాక్ స్వాన్ టెర్రేస్ చూడు. 1455లో అక్కడి మఠం కట్టించిన ఆరిళ్ళ వరస అది. అందులో ఒక్క ఇంటినే 1540లో ఒక నేతగాడి సంసారం ఎలా ఉండేదో చూపేలా సిద్ధం చేసి, 2007లో వీవర్స్ హౌస్ పేరుతో తెరిచారు. రోజూ తెరవరు, కనుక్కుని బయల్దేరు. వాళ్ళలాగే మీరూ ఏ కాలపు ఇల్లు చూపిస్తారో ముందే తేల్చుకోండి. అది తేలకపోతే ప్రతి మీటింగులోనూ అదే గొడవ. ఎంచుకున్న కాలం తర్వాత వచ్చిందని పొగగొట్టాన్నో, పైఅంతస్తునో పడగొట్టకండి. అవీ ఆ ఇంట్లో బతికినవాళ్ళ గుర్తులే. అలాంటివి పక్కింట్లో ఉంటే అక్కడే చూపించవచ్చు.

పని మొదలుపెట్టేలోపు దూలాలకి సన్నటి రంధ్రం వేసి చెట్టు వలయాలు లెక్కగట్టే నిపుణుణ్ణి పిలవండి. బెరడు అంచు మిగిలిన చెక్క దొరికితే చెట్టు నరికిన ఏడాది తెలుస్తుంది. అప్పట్లో ఓక్ చెట్టు కలపని పచ్చిగానే వాడేవారు కనుక ఇల్లు కట్టిందీ దాదాపు అప్పుడే. పైకప్పు కింద వాసాలకి మసి ఉందేమో చూడు. పొగగొట్టాలు లేక, ఇంటి నడుమే నిప్పు వేసుకున్న రోజుల మసి అది. శుభ్రం చేద్దామని ఎవరైనా బ్రష్షు పట్టుకొస్తే మొహమాటపడకుండా ఆపెయ్.

ఇక గోడలు. ఓక్ చట్రం మధ్య కర్రలల్లి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తి ఉంటారు. మన ఊళ్ళలో మట్టి మెత్తిన తడికె గోడ లాంటిదే. వానకి తడిసినా మళ్ళీ గాలికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే పగుళ్ళలోంచి దిగిన నీళ్ళు బయటికి రాలేక లోపలే నిలిచి, అడుగు దూలం కుళ్ళిపోతుంది. బయటికి గోడ శుభ్రంగానే కనిపిస్తుంది, అదే ప్రమాదం. కాబట్టి పాత సిమెంటుని సుత్తితో బాదకుండా మెల్లగా ఊడదీయించి సున్నం గారే వేయించండి. మంచు పడే నెలల్లో ఆ పని పెట్టుకోవద్దు.

కుళ్ళినంత మేరే కోసి కొత్త ఓక్ ముక్క అతికిస్తే చాలు. దూలం మొత్తం మార్చేద్దామనే కాంట్రాక్టరుకి నమస్కారం పెట్టి పంపెయ్. 1877లో విలియం మోరిస్ వాళ్ళు పెట్టిన పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం ఇప్పటికీ ఈ పద్ధతే చెబుతుంది. ఫోన్ చేస్తే ఉచితంగా సలహా కూడా ఇస్తారు.

లిస్టెడ్ కట్టడమైతే, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల అధికారిక జాబితాలో ఉంటే, కౌన్సిల్ (అక్కడి స్థానిక పాలక సంస్థ) అనుమతి లేకుండా మార్పులు చెయ్యడం నేరం. గబ్బిలాలున్నా వాటిని కాపాడే చట్టం అడ్డొస్తుంది, ఆ సర్వే ముందే చేయించండి.

ఇళ్ళన్నీ మ్యూజియం చెయ్యకండి. ఒకటి చూపించి మిగతావి అద్దెకివ్వండి, కప్పు కారితే ఆ డబ్బే ఆదుకుంటుంది. టాయిలెట్లు, టికెట్ బల్ల వెనక కొత్తగా కట్టుకోండి, పాత గోడలకి బెజ్జాలు పెట్టొద్దు. స్కూలు పిల్లల్ని పైఅంతస్తుకి ఎక్కించేముందు ఎంత బరువు ఆగుతుందో ఇంజినీరుని అడగండి.

సర్వే రిపోర్టు రాగానే నాకు పంపు. కొటేషన్‌లో సిమెంటు అనే మాట ఉందేమో నువ్వే ముందు వెతుకు.

మీ పెదనాన్న