అభిప్రాయం అడగాల్సింది డిశ్చార్జి కౌంటర్‌లో కాదు

ఆస్పత్రివాళ్లు రోగిని దృష్టిలో పెట్టుకునే సేవ చేస్తున్నారా లేదా అన్నది ఎలా కొలవాలి? రోగి ఇంటికెళ్లాక తన జబ్బు గురించి, మందుల గురించి ఏం చెప్పగలుగుతోందో చూడాలి. "తృప్తిగా ఉన్నారా?" అని అడిగితే ఏమీ తేలదు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. మా పిన్ని కాలి పుండుతో ఒక ఆస్పత్రిలో చేరింది. షుగరు ఉందని అక్కడే తెలిసింది. వైద్యానికి వంక పెట్టను, పుండు చక్కగా మానుముఖం పట్టింది. డిశ్చార్జి రోజు కౌంటర్‌లో కుర్రాడు ఒక ఫారం తీశాడు. అంతా ఒడియా, ఇంగ్లీషు. పిన్నికి చదువు రాదు. అతనే "బాగా చూశారా?" అని అడిగాడు. "బాగానే సూసినారు బాబూ" అంది. అన్ని ప్రశ్నలకూ తనే టిక్కులు పెట్టేసుకున్నాడు. డిశ్చార్జి కాగితాలు ఇంకా అతని దగ్గరే ఉన్నాయి. అప్పుడు బాగా చూడలేదని ఎవరంటారు?

ఆటో ఎక్కాక పిన్ని నన్నడిగింది, "ఒరే, ఈ షుగరు బిళ్లలు పుండు మానీదాకానేనా?" అని. నాకు గుండె జారిపోయింది. రౌండ్స్‌లో డాక్టరుగారు చెప్పే ఉంటారు, ఒడియాలో, గబగబా. పిన్ని తలూపి ఉంటుంది. పెద్ద డాక్టరు మాట్లాడుతుంటే తలూపడం మావాళ్లకి మర్యాద. దాన్ని అర్థమైనట్టు లెక్కేసుకుంటారు.

కొలతలు లేక కాదు. ప్రభుత్వాసుపత్రులకు 2013 నుంచి జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. మార్కులు వేసే ఎనిమిది విభాగాల్లో రోగి హక్కులు ఒకటి. 2016లో కేంద్రం 'మేరా అస్పతాల్' తెచ్చింది, ఫోన్ ద్వారా రోగి అభిప్రాయం తీసుకోవడానికి. మంచి పనే. కానీ మా వైపు చాలా ఇళ్లల్లో ఆస్పత్రిలో రాయించే నంబరు చెన్నైలోనో సూరత్‌లోనో పనిచేసే కొడుకుది. మంచం మీదున్నది తల్లి, జవాబు చెప్పేది కొడుకు!

అమెరికాలో హెచ్‌క్యాప్స్ అనే సర్వే ఉంది. డిశ్చార్జి అయిన 48 గంటల తర్వాతే రోగిని అడగడం మొదలుపెడతారు. నర్సులు మీకు అర్థమయ్యేలా ఎంత తరచుగా చెప్పారు, కొత్త మందు ఇచ్చే ముందు అది దేనికో చెప్పారా అని అడుగుతారు. మర్యాదకి తలూపి తప్పించుకునే ప్రశ్నలు కావవి. మనం ఇంకో అడుగు ముందుకెయ్యాలి. ఇంటికొచ్చిన వారానికి ఆస్పత్రితో సంబంధం లేని మనిషి వెళ్లి రోగితోనే చెప్పించాలి: ఈ మందు దేనికి, ఎన్నాళ్లు వాడాలి, ఎలా ఉంటే మళ్లీ పరుగెత్తాలి. తెలుగువాళ్లని తెలుగులో, కొండ మీద ఊళ్లల్లో సవర భాషలో. ఆస్పత్రికి మార్కులు ఆ జవాబులను బట్టి వెయ్యాలి.

తోడున్నవాళ్లనీ అడగాలి. రాత్రంతా వరండాలో గచ్చు మీద కూర్చుని, సెలైన్ అయిపోతే సిస్టర్‌ని పిలుచుకొచ్చేది వాళ్లే. వాళ్లకి నడుం వాల్చే చోటుందా అని ఏ ఫారంలోనూ నేను చూడలేదు.

ఈ పని ఎలాగూ ఆశా కార్యకర్తల నెత్తినే పెడతారని తెలుసు. పెడితే దానికి విడిగా డబ్బివ్వండి. వాళ్లు మొయ్యాల్సిన దానికంటే ఇప్పటికే ఎక్కువ మోస్తున్నారు.