ఖర్చు వచ్చేశాక టోల్ ఆపాలా?

ప్రశ్న: మా ఊరి పక్క జాతీయ రహదారిని ఒక ప్రైవేటు కంపెనీ వేసింది. పదిహేనేళ్లుగా టోల్ వసూలు చేస్తోంది. పెట్టిన డబ్బు ఎప్పుడో వచ్చేసిందంటున్నారు. కోర్టుకు వెళ్తే ఆపించగలమా?

జవాబు: 'ఖర్చు వచ్చేసింది' అనే ఒక్క మాట మీద కేసు వేస్తే నిలబడటం కష్టం. బీవోటీ పద్ధతిలో కంపెనీ సొంత పెట్టుబడితో రోడ్డు వేసి, గడువు తీరేదాకా టోల్ తీసుకుని, తర్వాత అప్పగిస్తుంది. ఈ హక్కు 1956 జాతీయ రహదారుల చట్టంలోని సెక్షన్ 8ఏ నుంచి వచ్చింది. రేటు ప్రభుత్వం నోటిఫై చేస్తుంది, గడువు ఒప్పందంలో ఉంటుంది. బండ్లు ఎక్కువొచ్చి ముందే లాభాల్లో పడినా ఆ గడువు వాళ్లదే.

ఈ ఖర్చు మాట ఉత్తినే పుట్టలేదు లెండి. ప్రభుత్వ డబ్బుతో వేసిన రోడ్డుకు పెట్టుబడి తిరిగొచ్చాకా, ప్రైవేటు రోడ్డుకు గడువు ముగిశాకా టోల్ 40 శాతానికి తగ్గాలని 2008 నిబంధనల్లో ఉండేది. 2023 సవరణలో దాన్ని తీసేశారు. కాబట్టి రేపు కంపెనీ వెళ్లిపోయినా గేటు ఉంటుంది, వసూలు ప్రభుత్వానిదవుతుంది.

ఢిల్లీ-నోయిడా ఫ్లైవే మీద టోల్ ఎత్తేశారు కదా అంటారేమో. 2016లో అలహాబాద్ హైకోర్టు ఆపింది, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ ఒప్పందమే విడ్డూరం. ఏటా 20 శాతం రాబడికి హామీ. అంత రాకపోతే తక్కువైనది మళ్లీ ఖర్చులోనే కలుపుతారు. అలా కలుపుతూ పోతే బాకీ ఏనాటికి తీరుతుంది? పైగా టెండరు పిలవలేదు. మీ ఒప్పందంలో ఇలాంటి మెలిక ఉందేమో చూడాలి.

అందుకే ముందు ఆ కాగితం సంపాదించండి. రోడ్డును చూసే జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) ప్రాజెక్టు ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ దరఖాస్తు పెట్టి ఒప్పందం నకలు, గడువు తేదీ, పొడిగింపు ఉత్తర్వులు ఏవైనా ఉంటే వాటి నకళ్లు అడగండి. ట్రాఫిక్ అంచనా క్లాజు ప్రత్యేకంగా చూడండి. ఇలాంటి రోడ్లకు ప్రభుత్వం నమూనాగా పెట్టిన మోడల్ ఒప్పందం ప్రకారం అంచనా కంటే ట్రాఫిక్ తగ్గితే గడువు 20 శాతం దాకా పెరగొచ్చు, ఎక్కువైతే 10 శాతం దాకా తగ్గొచ్చు. మీకు పనికొచ్చేది ఆ రెండో సగం.

రోడ్డు పాడైపోయి ఉంటే మాత్రం మీ కేసు బలపడుతుంది. కేరళలోని పాలియెక్కర గేటు దగ్గర రోడ్డు అధ్వానంగా ఉందని 2025 ఆగస్టులో హైకోర్టు మొదట నాలుగు వారాలు వసూలు ఆపింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ గడువు పొడిగిస్తూ పోయి, అక్టోబరులో వసూలు మళ్లీ మొదలైందనుకోండి. గుంతలు, గంటల కొద్దీ నిలిచిన బండ్లు తేదీతో సహా ఫొటోలు తీసుకోండి. హైకోర్టులో రిట్ వేయడానికి అవి కావాలి.

ఈలోగా గేటు దగ్గర కట్టనని గొడవకు దిగకండి. కట్టేసి, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ దాచుకోండి.