తెలంగాణ ఉద్యమంలో జైలుకెళ్లాను, సర్కారు కొలువు హక్కుగా అడగొచ్చా?

ప్రశ్న: 2011లో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా సకల జనుల సమ్మెలో, రైల్‌రోకోలో పాల్గొన్నాను. టౌన్ పోలీసులు ఒక కేసు, రైల్వే వాళ్లు ఒక కేసు పెట్టారు. రిమాండ్‌కు కూడా వెళ్లొచ్చాను. పరీక్షలు పోయి చదువు ఆగిపోయింది, డిగ్రీ చాలా ఆలస్యంగా పూర్తి చేశాను. ఇప్పుడు 35 ఏళ్లు. రాష్ట్రం కోసం ఇంత పోగొట్టుకున్నాను కాబట్టి ఉద్యోగం ఇవ్వాలని హైకోర్టులో రిట్ వేయొచ్చా? ఒకాయన కార్పొరేషన్‌లో పోస్టు ఇప్పిస్తానని మూడు లక్షలు అడుగుతున్నాడు. గ్రూప్స్‌కు కూడా చదువుతున్నాను, ఫారాల్లో కేసుల సంగతి రాయాలా? – ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: ముందు ఆ మూడు లక్షల సంగతి. ఒక్క రూపాయి ఇవ్వకండి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాడు కూడా నేరస్తుడే, సెక్షన్ 8 కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. మధ్యవర్తి చేతిలో పెట్టినా అంతే. రేపు పోస్టు రాకపోతే నా డబ్బు నాకిప్పించండని కోర్టుకెళ్లడం కూడా కష్టం, ఎందుకంటే ఆ ఒప్పందమే చట్టవిరుద్ధం. ఉద్యమ కేసుల నుంచి బయటపడాల్సిన మనిషి మీద ఏసీబీ కేసు పడితే ఇక కోలుకోవడం ఉండదు.

ఇక రిట్, అంటే ప్రభుత్వానికి ఆదేశం ఇవ్వమని హైకోర్టులో వేసే పిటిషన్ సంగతి. మీ బాధ న్యాయమైనది. 20 ఏళ్ల వయసులో చదువు పణంగా పెట్టి పట్టాల మీద కూర్చున్న వాళ్లు లేకపోతే 2014 జూన్ 2 వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ కోర్టు చూసేది త్యాగం ఎంత పెద్దదని కాదు, మీకు ఉద్యోగం ఇవ్వాలని చెప్పే చట్టమో, రూలో, జీవోనో ఉందా అని. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఉండాలంటుంది, పోటీ లేకుండా పక్కదారిలో ఇచ్చే నియామకాలు చెల్లవని ఉమాదేవి కేసులో 2006లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. అమరవీరుల కుటుంబాలకు పది లక్షలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం అన్నది ప్రభుత్వం ప్రత్యేకంగా తీసుకున్న నిర్ణయం. అది ప్రాణం పోయిన ఇళ్లకు, జైలుకెళ్లిన వాళ్లకు వర్తించదు.

జీవో ఉన్నా నిలబడుతుందన్న గ్యారంటీ లేదు. ఉత్తరాఖండ్‌నే చూడండి, అక్కడా ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడారు, 1994లో రాంపూర్ తిరాహా దగ్గర కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమకారులకు ఇచ్చిన 10 శాతం రిజర్వేషన్‌ను అక్కడి హైకోర్టు 2018లో కొట్టేసింది. ప్రభుత్వం 2024లో ఏకంగా చట్టమే చేసి మళ్లీ తేవాల్సి వచ్చింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. కాబట్టి రిట్ వేస్తే మీకు దక్కేది మహా అయితే 'అతని వినతిపత్రాన్ని పరిశీలించండి' అనే ఉత్తర్వు. దాన్ని చేతిలో పట్టుకుని ఉద్యోగం వచ్చినట్టే అనుకుని ఏళ్లు పోగొట్టుకున్న వాళ్లను చూశాను. పరిశీలించమనడం వేరు, ఇవ్వమనడం వేరని సుప్రీంకోర్టు 2006లో మన ఏపీఎస్‌ఆర్టీసీ కేసులోనే వివరంగా చెప్పింది. అధికారి పరిశీలించి కుదరదని రాస్తే ఉత్తర్వు అమలైనట్టే. కార్పొరేషన్ డైరెక్టర్ లాంటి నామినేటెడ్ పోస్టులైతే పూర్తిగా ప్రభుత్వం ఇష్టం, ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా తీసేయొచ్చు, దాని మీద కోర్టులో కొట్లాడేందుకు ఏమీ మిగలదు.

నాకు అసలు టెన్షన్ మీ మూడో ప్రశ్న దగ్గరే, మీరు దాన్ని చివర్న, ఏదో చిన్న విషయంలా అడిగారు. రాయాలి. తప్పకుండా రాయాలి. సెలెక్ట్ అయ్యాక ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా అని అడుగుతారు. ఆ 'ఎప్పుడైనా' అన్న మాటలో కొట్టేసిన కేసు, ఉపసంహరించిన కేసు కూడా వస్తాయి. చాలామంది 'మా కేసులు గవర్నమెంటు ఎత్తేసింది కదా' అని అక్కడ లేదు అని రాసేస్తారు, పోలీస్ వెరిఫికేషన్‌లో పాత ఎఫ్ఐఆర్ బయటపడుతుంది, కేసు వల్ల కాదు, దాచినందువల్ల ఉద్యోగం పోతుంది. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఈ విషయం మీద స్పష్టత ఇచ్చింది: చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసుల్లో దాచినా సరే అధికారి తన విచక్షణతో మన్నించవచ్చంది. మన్నించాలి అనలేదు, మన్నించవచ్చు అంది, ఆ తేడా మర్చిపోకండి. నిజం రాసినవాళ్ల విషయంలో కూడా తుది నిర్ణయం అధికారిదే, కానీ నిజం రాసి కాగితాలు జత చేసినవాడి తరఫున కోర్టులో వాదించడం నాకు ఎంతో సులువు.

ఆ కాగితాలేంటో చెప్తాను. ప్రభుత్వం కేసు ఎత్తేస్తున్నట్టు జీవో ఇచ్చినంత మాత్రాన కేసు పోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం సీఆర్‌పీసీ 321వ సెక్షన్ (ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 360) కింద పిటిషన్ వేయాలి, మేజిస్ట్రేట్ ఒప్పుకోవాలి. అభియోగాలు నమోదు కాకముందైతే డిశ్చార్జి అంటారు, నమోదయ్యాకైతే నిర్దోషిగా విడుదల. మీ టౌన్ కేసులో అది జరిగిందో లేదో ఈ-కోర్ట్స్ సైట్‌లో సీసీ నంబరుతో (కోర్టు ఇచ్చిన కేసు నంబరు) చూడండి, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి కోర్టులో అర్జీ పెట్టండి. నంబరు గుర్తు లేకపోతే స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ అడగండి, ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. రైల్వే కేసు కథ వేరు. అది రైళ్లను అడ్డుకోవడం మీద ఉన్న రైల్వే చట్టం సెక్షన్ 174 కింద పెట్టి ఉంటే రాష్ట్రం ఒక్కటే ఎత్తేయలేదు, కేంద్రం అనుమతి కూడా కావాలి. అందుకే మీలాంటి వాళ్లకు టౌన్ కేసు పోయినా రైల్వే కోర్టులో ఫైలు అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది, వాయిదాలకు పోకపోతే వారెంట్ కూడా పడి ఉండొచ్చు. ఈ వారంలోనే ఒక స్థానిక లాయర్‌ను పంపి చూపించండి. వారెంట్ ఉంటే ముందు దాన్ని రీకాల్, అంటే కోర్టు చేత వెనక్కి తీయించుకోవాలి.

జైలు సూపరింటెండెంట్ దగ్గర రిమాండ్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. ప్రజాపాలన దరఖాస్తులో ఉద్యమకారులకు 250 గజాల స్థలం కోసం ఎఫ్ఐఆర్, జైలు వివరాలే అడిగారు, అప్పుడు దరఖాస్తు పెట్టి ఉంటే ఆ రసీదు జాగ్రత్త. ఆ స్థలం లాంటి మేనిఫెస్టో హామీని కోర్టు అమలు చేయించదు గానీ, జీవో వచ్చి అర్హుడైన మిమ్మల్ని వదిలేస్తే మాత్రం అప్పుడు రిట్‌కు బలం ఉంటుంది, అప్పుడు వేద్దాం.

వయసు గురించి ఒక మాట. యూనిఫాం ఉద్యోగాలు కాకుండా మిగతావాటికి గరిష్ఠ వయసును 2024లో 44 నుంచి 46కి పెంచారు, అది రెండేళ్లకని ఇచ్చిన సడలింపు కాబట్టి నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో ఏముందో చూసుకోండి. ఆ 44 కూడా సడలింపుతో వచ్చిందే, రూల్ ప్రకారం అసలు పరిమితి 34. చదువు ఆపకండి, కోర్టు కాపీలు చేతికొచ్చాక ఒక సెట్ నాకు పంపండి, ఫారంలో ఆ గడి ఎలా నింపాలో కేసు నంబర్లతో సహా రాసి పంపుతాను.