మెయిల్ షార్ట్‌కట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాంలో ఏదో వెతుకుదామని గబగబా టైప్ చేస్తుంటే కొన్ని మెయిల్స్ ఇన్‌బాక్స్‌లోంచి మాయమవుతున్నాయి. కొన్నేమో ఉన్నట్టుండి ఎర్రబడుతున్నాయి. వైరస్ ఏమైనా చేరిందా?

జవాబు: వైరస్ ఏమీ లేదు. మీరు కొట్టే అక్షరాలు సెర్చ్ పెట్టెలో పడకుండా మెయిల్స్ జాబితా మీద పడుతున్నాయి. జాబితా మీద ఫోకస్ (కొట్టిన మీటలు ఎక్కడ పడతాయో ఆ చోటు) ఉన్నంతసేపూ థండర్‌బర్డ్‌కు చాలా అక్షరాలు ఆదేశాలే, కంట్రోల్ కూడా నొక్కనక్కర్లేదు. ఇంగ్లీషులో ‘సామ్’ అని మూడక్షరాలు కొట్టారనుకోండి. ఎస్ ఆ మెయిల్‌కు నక్షత్రం పెడుతుంది, ఎ దాన్ని ఆర్కైవ్‌కు, అంటే పాత మెయిల్స్ దాచే ఫోల్డర్‌కు పంపేస్తుంది. దాంతో పక్క మెయిల్ సెలెక్ట్ అవుతుంది. ఇక ఎమ్, మీరు తాకనైనా తాకని ఆ మెయిల్‌కున్న రీడ్, అన్‌రీడ్ గుర్తును తిప్పేస్తుంది. ఎర్రబడటానికి కారణం అంకె 1. అది ‘ఇంపార్టెంట్’ ట్యాగ్. 0 నొక్కితే ట్యాగులన్నీ పోతాయి.

పోయిన మెయిల్స్ కోసం ముందు ఆర్కైవ్స్ ఫోల్డర్ తెరవండి. మీరు సెట్టింగ్ మార్చి ఉండకపోతే లోపల ఏడాదికో ఫోల్డర్ ఉంటుంది. మెయిల్ ఏ ఏడాది వచ్చిందో అందులోకే వెళ్తుంది కాబట్టి పాతవాటిని పాత ఏడాదిలో వెతకాలి. అక్కడ లేకపోతే జంక్ చూడండి. అది జె నొక్కిన ఫలితం. ఆ మెయిల్‌ను ఎంచుకుని షిఫ్ట్+జె తప్పక కొట్టండి, ‘ఇది జంక్ కాదు’ అని చెప్పడం అది. మెయిల్‌ను చేత్తో లాగి ఇన్‌బాక్స్‌లో పడేస్తే జంక్ ఫిల్టర్ నేర్చుకున్న తప్పు పాఠం అలాగే ఉండిపోతుంది. పొరపాటు అప్పటికప్పుడే గమనిస్తే కంట్రోల్+జెడ్ చాలు.

ఇకముందు జరగకుండా ఉండాలంటే, వెతికే ముందు కంట్రోల్+షిఫ్ట్+కె కొట్టండి. కర్సర్ క్విక్ ఫిల్టర్ పెట్టెలోకి వస్తుంది. ఆర్కైవ్ మీకు అసలు అక్కర్లేదంటే అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’ దగ్గర ఆర్కైవ్స్‌కు ఉన్న టిక్ తీసేయండి, ఆ అకౌంట్‌కు ఎ పనిచేయదు. మిగతా అక్షరాలను ఆపడానికి ‘టీబీకీస్-లైట్’ అనే యాడ్-ఆన్ (విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) ఉంది. థండర్‌బర్డ్ వెర్షన్ మారినప్పుడు ఇలాంటివి మొరాయిస్తుంటాయి, అప్‌డేట్ చేసే ముందు చూసుకోండి. ఎన్‌తో తర్వాతి అన్‌రీడ్ మెయిల్‌కు వెళ్లడం బాగానే ఉంటుంది గానీ, మెయిల్‌ను కంటికి కనపడకుండా చేసే పనిని ఒంటి అక్షరానికి అప్పజెప్పడం మా లెక్కలో డిజైన్ లోపమే.

ప్రశ్న: క్లాసిక్ అవుట్‌లుక్‌లో కంట్రోల్+ఎఫ్ కొడితే వెతకడానికి బదులు ఫార్వర్డ్ విండో తెరుచుకుంటోంది. మార్చుకోవచ్చా?

జవాబు: మార్చలేరు. వర్డ్‌లో షార్ట్‌కట్లు మార్చుకునే ఏర్పాటు ఉంది, అవుట్‌లుక్‌లో లేదు. ఈ వింతకు కారకుడు ఒక బీటా టెస్టర్ (విడుదలకు ముందే వాడి చూసే వ్యక్తి) అని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ రాశారు. మొదట ‘ఫైండ్’ అనే పెట్టారట. తను అంతకుముందు వాడిన మెయిల్ ప్రోగ్రాంలో అది ఫార్వర్డ్ కదా అని ఆ టెస్టర్ ఫిర్యాదు చేశాడు. ఆయన పేరు బిల్ గేట్స్. మరి మార్చరా!

తెరిచిన మెయిల్ లోపల పదం వెతకడానికి ఎఫ్4, మెయిల్స్ అన్నిటిలో వెతకడానికి కంట్రోల్+ఇ.

ప్రశ్న: జవాబు సగం రాస్తుండగా కంట్రోల్+ఎంటర్ తగిలి మెయిల్ వెళ్లిపోయింది. దీన్ని ఆపేదెలా?

జవాబు: వర్డ్‌లో కంట్రోల్+ఎంటర్ కొత్త పేజీ మొదలుపెడుతుంది. ఆ అలవాటున్న చేతికి ఇది తరచూ జరిగే ప్రమాదమే.

క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్ తెరిచి ‘సెండ్ మెసేజెస్’ విభాగంలో కంట్రోల్+ఎంటర్ పేరున్న టిక్ తీసేయండి. పంపడానికి ఆల్ట్+ఎస్ ఎలాగూ ఉంటుంది. థండర్‌బర్డ్ మామూలుగా ‘పంపమంటారా’ అని అడుగుతుంది. అడగడం లేదంటే ఎప్పుడో ‘మళ్లీ అడగొద్దు’ మీద టిక్ పెట్టేసి ఉంటారు. సెట్టింగ్స్, కంపోజిషన్‌లో దాన్ని తిరిగి పెట్టుకోవచ్చు.

కొంత వ్యవధి కూడా కావాలంటే క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఒక రూల్ పెట్టండి. ఫైల్ మెనూలోని ‘మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్’లో కొత్త రూల్ మొదలుపెట్టి, ‘నేను పంపే మెసేజ్‌లకు’ అన్నది ఎంచుకోండి. షరతులేమీ పెట్టకుండా ముందుకెళ్లి ‘డిఫర్ డెలివరీ’ దగ్గర 2 నిమిషాలు ఇవ్వండి. గరిష్ఠంగా 120 వరకు ఇవ్వవచ్చు. అంతవరకు మెయిల్ అవుట్‌బాక్స్‌లో ఆగుతుంది. ఈలోపు దాన్ని తెరిచి దిద్దితే మళ్లీ సెండ్ నొక్కాల్సిందే, లేకపోతే అక్కడే పడి ఉంటుంది. సెండ్ కొట్టిన వెంటనే అవుట్‌లుక్ మూసేయకండి.

‘టు’ గడి చివర్లో నింపితే సరి అని కొందరి సలహా. కొత్త మెయిల్‌కు మంచిదే. రిప్లైలో మాత్రం చిరునామా దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్న: థండర్‌బర్డ్‌లో తెలుగులో మెయిల్ రాసి జాబితాకు తిరిగొచ్చాక ఎన్, ఎమ్ పలకడం లేదు. కంట్రోల్‌తో ఉన్నవి మాత్రం పనిచేస్తున్నాయి.

జవాబు: కీబోర్డ్ ఇంకా తెలుగు లేఅవుట్‌లోనే ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్‌లో ఎన్ మీట ఇంగ్లీషు అక్షరం ఇవ్వదు కనుక ప్రోగ్రాం దాన్ని గుర్తుపట్టదు. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కి ఇంగ్లీషుకు మారండి. మారే ముందు ఫోకస్ ఎక్కడుందో చూసుకోండి. పలకడం లేదని ఎ, జె మీటలు అదేపనిగా కొడుతూ లేఅవుట్ మార్చారో, మొదటి ప్రశ్నలోని తంటాయే మీకూ మొదలవుతుంది.