పెళ్లికి ముందు పాపసంకీర్తనం: మేనకోడలికి రాసిన ఉత్తరం

అమ్మలూ,

పెళ్లి మే నెలలో అని తెలిసి ప్రాణం లేచొచ్చింది. "ఏళ్లు గడిచిపోయాయి అత్తా, ఇప్పుడు పాపసంకీర్తనానికి వెళ్తే ఫాదర్‌గారు ఏమనుకుంటారో" అని అడిగావు. గురువు (ఫాదర్) ముందు పాపాలు ఒప్పుకుని, దేవుని క్షమ అందుకోవడమేగా అది. ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లంటే గురువులకు బెరుకేమీ ఉండదు. నువ్వు ఇన్నాళ్లూ రాలేదన్నది కాదు, ఈరోజు వచ్చావన్నదే అక్కడ లెక్క.

మొదట ఏ రోజు వెళ్లాలో ఖాయం చేసుకో. పెళ్లి వారంలో పెట్టుకోకు. నలుగు, చుట్టాలు, చీరల గొడవల్లో మనసు నిలవదు. కనీసం రెండు వారాల ముందు ఒక శనివారం సాయంత్రం చూసుకో. చాలా విచారణల్లో (ఒక్కో గుడి పరిధిని విచారణ అంటాం) శనివారం సాయంత్రం పూజకు (మాస్‌కు) ముందు గురువులు కూర్చుంటారు గాని, వేళ గుడిగుడికీ మారుతుంది. ఒకసారి విచారణ ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు. ఆదివారం పూజకు అయిదు నిమిషాల ముందు మాత్రం పరిగెత్తకు. ఆయనకూ తొందర, నీకూ తొందర. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్రవారంలో అయితే వరస పొడుగ్గా ఉంటుంది. మీ విచారణ గురువుల ముందు సిగ్గుగా ఉంటే సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికాకో, గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్స్ కెథడ్రల్‌కో వెళ్లు, తప్పేమీ లేదు. జాలీ తెర వెనక మోకరించే హక్కు నీకుంది, ముఖం చూపించనక్కర్లేదు. ఈ ఊళ్లో తమిళ, మలయాళ గురువులు కూడా ఉంటారు కాబట్టి, తెలుగులో చెప్పుకోవచ్చా అని ముందే అడగడం మంచిది.

ఆత్మపరిశీలనకు ఇరవై నిమిషాలు చాలు. పవిత్రాత్మను పిలిచి, లూకా సువార్త 15వ అధ్యాయంలో ఇల్లు వదిలిపోయి తిరిగొచ్చిన కొడుకు కథ చదువు. ఆ కొడుకు దారిలో అప్పజెప్పుకున్న మాటల్లో చివరిది, "నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో" అన్నది, ఇంటి దగ్గర అతని నోట రాదు. అంతలోనే తండ్రి చెప్పులు, ఉంగరం, మంచి బట్టలు తెమ్మంటాడు. నువ్వు వెళ్లేది ఆయన దగ్గరికే. ఆ తర్వాత పది ఆజ్ఞలూ వరసగా పెట్టుకో. మీ ప్రొటెస్టెంటు స్నేహితుల పుస్తకం చూసి లెక్కపెట్టకు, అంకెలు కలవకపోవచ్చు: మన కతోలికులకు వ్యభిచారం ఆరోది, వాళ్లలో చాలామందికి ఏడోది. మొదటి ఆజ్ఞ దగ్గర ఒక్క క్షణం ఆగు. జాతకాలు కలిపించడం, ముహూర్తం పెట్టించడం కూడా అందులోకే వస్తాయి. పెళ్లిళ్ల వేళ ఎవరో బలవంతపెడితే మనమూ తలూపేస్తాం. ఆదివారం పూజ కావాలని మానడం, ఆఫీసులో తప్పుడు బిల్లులు పెట్టడం, వాట్సాప్‌లో ఒకళ్ల పరువు తీయడం, ఒంటికి సంబంధించిన పాపాలు, అన్నీ చూసుకో. చీటీ మీద రాసుకో, ఫోన్‌లో వద్దు. పని అయ్యాక చింపేయి.

ఎక్కువమంది తడబడేది చెప్పే దగ్గర. శిలువ గుర్తు వేసుకుని, చివరి పాపసంకీర్తనం ఎన్నాళ్ల క్రితం చేశావో చెప్పు. చాలా ఏళ్లైతే "నాకు క్రమం గుర్తులేదు ఫాదర్" అను, ఆయనే దారి చూపిస్తారు. ఘోర పాపాలకు (తెలిసి, కావాలని చేసిన పెద్ద తప్పులకు) రకమూ, ఎన్నిసార్లన్నదీ రెండూ చెప్పాలి. సరిగ్గా తెలియకపోతే "రెండేళ్లుగా, నెలకు ఒకటి రెండుసార్లు" అంటే సరిపోతుంది. కథ మొత్తం చెప్పనక్కర్లేదు. ఇతరుల పేర్లు అసలే వద్దు. "మా ఆడపడుచు అలా అనబట్టి" అని మొదలుపెట్టావో, అది ఆవిడ పాపసంకీర్తనం అయిపోతుంది. "ప్రేమలో లోపాలున్నాయి" లాంటి మెత్తటి మాటలు కూడా వద్దు. "అబద్ధం ఆడి డబ్బు తీసుకున్నాను" అని సూటిగా చెప్పు. నోటికి రానిదేదో దాన్ని మొట్టమొదట చెప్పేయి. చివరికి దాచుకుంటే గొంతులోనే ఆగిపోతుంది. మర్చిపోయినదాని గురించి బెంగ వద్దు, అదీ క్షమించబడింది, తర్వాతిసారి చెబితే చాలు. తెలిసి దాచిన ఘోర పాపం మాత్రం వేరు. అలా దాస్తే పాపసంకీర్తనం చెల్లదు, మళ్లీ మొత్తం చెప్పుకోవాలి.

బయటికి పొక్కుతుందన్న భయం వదిలెయ్యి. ఆ రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణంలోనే శ్రీసభ (కతోలిక సంఘం) బహిష్కరణకు గురవుతాడు, దాన్ని తీసే అధికారం రోములోని పోపుగారి పీఠానిదే.

ఆయన ప్రాయశ్చిత్తం చెబుతారు, పరలోక జపమో, మంగళవార్త జపమో, ఒక మంచి పనో. చేయలేనిదైతే అక్కడే చెప్పు, మార్చి ఇస్తారు. తర్వాత పశ్చాత్తాప ప్రార్థన. కంఠతా రాకపోతే నీ మాటల్లో చెప్పుకో, పర్వాలేదు. మళ్లీ చేయకూడదన్న తీర్మానం మాత్రం మనసులో ఉండాలి. రేపు కాలు జారుతుందేమోనన్న భయం వేరు, జారాలనుకోవడం వేరు. ఆయన చెయ్యి చాచి "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అన్నప్పుడు జాగ్రత్తగా విను. ఆ మాట క్రీస్తుది, యోహాను 20:23లో శిష్యులకిచ్చిన అధికారం అది. ఆమెన్ అనేటప్పుడు దిగే బరువు కోసమే ఇంతసేపూ చెప్పుకొచ్చాను తల్లీ. కొందరికి కన్నీళ్లొస్తాయి, కొందరికి ఏమీ అనిపించదు. ఏమీ అనిపించకపోయినా క్షమ పూర్తిగా వచ్చినట్టే. ఆనందం మరునాడు పూజలో దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) అందుకునేటప్పుడు తెలియవచ్చు.

ప్రాయశ్చిత్తం గుడి వదలకముందే ముగించు. ఇంటికెళ్లాక అంటే మర్చిపోతావు. ఎవరి సొమ్మైనా తిరిగి ఇవ్వాల్సింది ఉంటే ఇవ్వు. క్షమ దొరికింది కదా అని అప్పు చెరగదు. తర్వాత రాత్రి పడుకున్నాక "సరిగ్గా చెప్పానా" అని తొలిచే అనుమానం వస్తుంది. అదే పాపాన్ని మళ్లీ మళ్లీ చెప్పుకోవడానికి వెళ్లకు. పెళ్లయ్యాక నెలకోసారి, వీలైతే ఒకే గురువు దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకో. ఏడాదికొకసారి అన్న నియమం 1215లో రోములో శ్రీసభ పెద్దలు కూడిన లాతరాన్ మహాసభ పెట్టిన కనీసం మాత్రమే.

అబ్బాయిని కూడా తీసుకెళ్లు, కాని ఎవరి వంతు వాళ్లది. బయటికి వచ్చాక ఏం చెప్పావని అడగొద్దు, చెప్పొద్దు. ఇద్దరూ కలిసి పీఠం ముందు కాసేపు మోకరించి, గుడి బయట టీ తాగి ఇంటికి రండి.

ప్రేమతో,
మీ అత్త