దద్దరిల్లిన స్టేజీ గురించి ఒక ఉత్తరం

తమ్ముడూ,

నీ ముసాయిదా రెండుసార్లు చదివాను. నోట్‌బుక్ పేజీల ఫోటోలు కూడా పెట్టి మంచిపని చేశావు, వాటి సంగతి చివర్లో చెబుతాను. ఇండీ (పెద్ద రికార్డు కంపెనీల అండ లేని) హిప్ హాప్ ఫెస్టివల్ గురించి 900 మాటలు రాశావు. అందులో స్టేజీ మూడుసార్లు దద్దరిల్లింది, జనం నాలుగుసార్లు ఊగిపోయారు, ర్యాపర్ రెండుసార్లు 'సరికొత్త అవతారం' ఎత్తాడు. ఆ అవతారం నల్ల కోటు, వెండి గొలుసు దగ్గరే ఆగిపోయింది. స్టేజీ మీద అతను చేసే పనిలో ఏం మారిందో ఎక్కడా లేదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క లోటు గురించే.

ముందు ఒక చిన్న లెక్క. నిమిషానికి 90 బీట్లున్న పాటలో పదహారు బార్ల వర్స్ (ర్యాపర్ చెప్పే చరణం) అంటే, బార్‌కు నాలుగు బీట్ల చొప్పున, 64 బీట్లు, సుమారు 43 సెకన్లు. స్టూడియోలో దాన్ని నాలుగు ముక్కలుగా చెప్పి అతికించుకోవచ్చు. స్టేజీ మీద ఆ 43 సెకన్లకూ ఊపిరి ఒక్కడే సర్దుకోవాలి, అదీ గెంతుతూ. అందుకే చాలామంది ముందే రికార్డు చేసిన ట్రాక్ సాయం తీసుకుంటారు. కొందరు ఉత్త బీటు మాత్రమే పెట్టుకుంటారు. కొందరి ట్రాక్‌లో హుక్కూ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి), వెనక అరుపులూ ఉంటాయి, వర్స్ మాత్రం నోటితో చెబుతారు. ఇంకొందరు రికార్డు చేసిన గొంతు మొత్తం మోగిస్తూ దానిమీద అరుస్తారు. ఏది జరుగుతోందో కనిపెట్టడం కష్టమేమీ కాదు. మైకు నోటికి దూరమైనప్పుడు గొంతు తగ్గిందా? లైను చివర ఊపిరి తీసుకుంటుంటే ఆఖరి మాట ఎవరు పూర్తిచేశారు, పక్కన నిలబడి మాటలు అందించే హైప్ మ్యానా, స్పీకరా? రెండు పాటలు గమనిస్తే తెలిసిపోతుంది.

దీన్ని దొంగతనం పట్టుకున్నట్టు రాయకు. రెండో పద్ధతి అందరూ వాడేదే. నీకు కావలసింది మార్పు. ఒకప్పుడు ముగ్గురు స్నేహితులతో, ఫుల్ ట్రాక్ మీద అరిచినవాడు ఇప్పుడు ఒక డ్రమ్మర్‌ని పెట్టుకుని ఉత్త బీటు మీద ఒంటరిగా చెబుతున్నాడంటే, ఇమేజ్ మారిందనడానికి ఆధారం అది. కోటు సంగతి ఆ తర్వాత రాసుకో.

వేషానికీ శబ్దానికీ గొడవ ఎక్కడ వస్తుందో చూస్తే వ్యాసానికి కావలసిన సరుకు దొరుకుతుంది. మైకు తలను పిడికిలితో కప్పేసే అలవాటు తీసుకో. ఫోటోలో ఆ భంగిమ బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ స్టేజీ మీద మామూలుగా వాడే షూర్ ఎస్ఎమ్58 లాంటి మైకు ముందు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా పట్టి, వెనక నుంచి వచ్చేదాన్ని తోసిపుచ్చుతుంది. అలా తోసిపుచ్చడానికి జాలీలో వెనకవైపు దారులు తెరిచి ఉండాలి. చెయ్యి వాటిని మూసేస్తే మైకు నలుదిక్కుల నుంచీ వింటుంది. కాళ్ల దగ్గరి మానిటర్ (పాడేవాడికి తన గొంతు వినిపించే స్పీకర్) శబ్దం కూడా అందులో దూరి కుయ్యిమంటుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, మాటలు అర్థంకావు. 'సౌండ్ సిస్టమ్ బాలేదు' అని రాసేముందు ర్యాపర్ చెయ్యి ఎక్కడుందో చూడు. మాస్కు నోటిమీదికి వచ్చినా ఇదే తంటా. స, శ, చ లాంటి అక్షరాల్లోని పదును పోతుంది. ఇంజనీర్ దాన్ని తిరిగి తెద్దామని సన్నని శబ్దాల స్థాయి పెంచితే మళ్లీ ఆ కూతే.

మాస్కు అనగానే గుర్తొచ్చేది ర్యాపర్ ఎమ్ఎఫ్ డూమ్. 'వినూత్న గెటప్' అని ఒక్క మాటలో తేల్చేశావే, ఆ గెటప్ వెనక ఎంత ఉందో చూడు. కేఎమ్‌డీ బృందంలో జెవ్ లవ్ ఎక్స్ పేరుతో ముఖం కనబడేలా పాడినవాడే అతను. 1993లో తమ్ముడు సబ్‌రాక్ చనిపోయాడు, ఆ తర్వాత రికార్డు కంపెనీ బృందాన్ని వదిలేసింది. కొన్నేళ్లు కనబడకుండా పోయి, తొంభైల చివర న్యూయార్క్‌లో చిన్న వేదికల మీద ముఖానికి మేజోడు తొడుక్కుని ప్రత్యక్షమయ్యాడు. లోహపు మాస్కు తర్వాత వచ్చింది. 2007 ప్రాంతంలో కొన్ని షోలకు తన బదులు మాస్కు తొడిగిన వేరే మనుషుల్ని పంపాడు. టికెట్ కొన్నవాళ్లు మండిపడ్డారు, ముఖం కన్నా మాట ముఖ్యమన్న అతని వాదానికి అది కొనసాగింపేనన్నవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నాకు టికెట్ కొన్నవాళ్లదే న్యాయం అనిపిస్తుంది. నువ్వు ఏ పక్షమైనా తీసుకో. కానీ ఇమేజ్ గురించి రాస్తూ పక్షం తీసుకోకపోతే బట్టల కొట్టు ప్రకటనలా ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి రన్ ద జువెల్స్ అనే ర్యాప్ జంటది. ఎల్-పీ, కిల్లర్ మైక్ 2013లో మొదటి ఆల్బమ్‌ను ఉచితంగా ఇచ్చేశారు. వాళ్ల గుర్తు ఒక పిడికిలి, ఒక తుపాకీ వేళ్ల చెయ్యి. దాన్ని ఎవరైనా తమ రెండు చేతులతో చేసి చూపించొచ్చు. అంటే వాళ్ల ఇమేజ్ కింద నిలబడ్డవాళ్ల చేతుల్లో ఉంటుంది. అలాంటి షోలో స్టేజీ కన్నా జనాన్ని ఎక్కువసేపు చూడాలి: ఏ లైను దగ్గర చేతులు లేచాయి, ఎన్నో వరస దాకా లేచాయి.

జనం సంగతికొస్తే, 'ఇసుక వేస్తే రాలనంత జనం' కొట్టెయ్. 2021 నవంబరు 5న హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ ఫెస్టివల్‌లో ఊపిరాడక పదిమంది చనిపోయాక ఆ మాట పొగడ్తగా వాడటానికి మనసొప్పదు. జనం ఒత్తిడికి ఒకే పక్కకు అలలా కదులుతున్నారా, చేతులు పైకెత్తే చోటుందా అన్నది నోట్స్‌లో ఉండాల్సిన వివరమే. ఇంకోటి, 'వెనకవాళ్లు తాళం తప్పారు' అని రాశావు. పాపం వాళ్ల తప్పేం లేదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. వంద మీటర్ల వెనక ఉన్నవాడికి బీటు దాదాపు 0.3 సెకను ఆలస్యంగా అందుతుంది. అతని చప్పట్లు తిరిగి స్టేజీకి చేరేసరికి 0.6 సెకను. 90 బీట్ల పాటలో అది దాదాపు ఒక బీటు.

ఎక్కడ నిలబడాలని అడిగావు. మొదటి రెండు పాటలు మిక్సింగ్ బల్ల (ఇంజనీర్ శబ్దం సర్దే చోటు) దగ్గర. ఫెస్టివల్‌లో చిన్న పేర్లవాళ్లకు పూర్తి సౌండ్ చెక్ దొరకడం అరుదు. ముందు బృందం సామాను దింపుతుండగానే గబగబా లైన్ చెక్ (మైకులు పలుకుతున్నాయో లేదో చూడటం) చేసి ఎక్కేస్తారు. మొదటి పాటలో గొంతు మునిగిపోతే అది చాలావరకు ఆ హడావుడి వల్లే, అప్పుడే తీర్పు చెప్పకు. మూడో పాటకు ముందుకు వెళ్లు. ఫోటోగ్రాఫర్లను మామూలుగా మూడు పాటల దాకానే స్టేజీ ముందు ఉండనిస్తారు, ఫ్లాష్ లేకుండా. ఈ సంగతి ర్యాపర్లందరికీ తెలుసు. కోటు, కళ్లద్దాలు, భంగిమలు అన్నీ ఆ మూడు పాటల్లోనే. లోకం చూసే ఫోటోలూ అవే. నాలుగో పాటలో ఏం తీసేశాడు, ఎవరితో ఎలా మాట్లాడాడు అన్నది అక్కడున్న నువ్వు రాస్తేనే తెలుస్తుంది.

డబ్బు గురించి ఒక్క ముక్కా లేదు నీ వ్యాసంలో. ఇండీ అన్నాక అది లేకుండా ఎలా? బ్రిటిష్ ర్యాపర్ లిటిల్ సిమ్జ్ 2022లో అమెరికా పర్యటన రద్దు చేసుకుంటూ, స్వతంత్ర కళాకారిణిగా ఆ ఖర్చు మోయలేనని చెప్పింది. అదే ఏడాది ఆమెకు, బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. బ్యాండు ఉన్న షో, ఒక్క డీజేతో జరిగే షో వేర్వేరు ఇమేజ్‌లుగా కనిపిస్తాయి. తేడా చాలాసార్లు విమానం టికెట్ల సంఖ్యలో ఉంటుంది. ఫెస్టివల్ ఎవరిదో కూడా చూడు. అమెరికాలోని మిన్నెసోటాలో 2008 నుంచి 2019 దాకా జరిగిన సౌండ్‌సెట్ ఫెస్టివల్‌ను నడిపింది రైమ్‌సేయర్స్ అనే ఇండీ లేబులే. సొంత ఇంటి పెళ్లిలో మనవాళ్లు బాగా పాడారంటే దాని బరువు వేరు, పరాయి ఫెస్టివల్‌లో మధ్యాహ్నం ఎండలో పాడి నిలబెట్టుకుంటే దాని బరువు వేరు.

ఇక నీ నోట్‌బుక్. అందులో ఉన్నవాటితోనే నీ రెండో పేరా ఇలా రాసి చూశాను:

'మొదటి పాటలో అతని గొంతు వినపడలేదు. రెండో పాట సగంలో ఇంజనీర్ దాన్ని పట్టుకున్నాడు. మూడో పాటయ్యాక కోటు తీసి డీజే బల్లమీద పడేసి, బీటు ఆపించి, ఎనిమిది బార్లు ఉత్త గొంతుతో చెప్పాడు. ఆరో బార్‌లో ఊపిరి చాలక ఒక మాట మింగాడు. ముందు వరసలవాళ్లు ఆ మాట అందించారు.'

ఒక్క విశేషణం కూడా పెట్టలేదు, ఇవన్నీ నువ్వు గంటా నిమిషంతో సహా రాసుకున్నవే. వ్యాసానికి కూర్చున్నాక వీటిని పక్కనపెట్టి దద్దరిల్లడం ఎందుకు మొదలుపెట్టావో నాకు అర్థం కాలేదు.

నాలుగో పేజీలో 7:52 దగ్గర 'డీజే నవ్వాడు' అని రాసి కొట్టేశావు. ఎందుకు నవ్వాడో గుర్తుంటే మళ్లీ రాసేటప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టి పంపు.

ఉంటాను,
అన్నయ్య