మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉందా?

ఉంది, వైకల్యం కనీసం 40 శాతమని సర్టిఫికెట్ ఉండాలి. 1995 నాటి వికలాంగుల చట్టంలో 3 శాతం కోటా చూపు, వినికిడి, కదలిక లోపాలకే పరిమితం. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసి, పెరిగిన ఆ ఒక్క శాతంలోనే మేధో వైకల్యం, ఆటిజం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నిటినీ సర్దింది. కాస్త ఇరుకే.

గుంటూరులో ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. ఫైళ్లు నంబరు వరసలో పేర్చడం, కవర్ల మీద సీలు వేయడం నాలుగు రోజులు పక్కనుండి చూపిస్తే తప్పు లేకుండా చేస్తాడు. అయినా అటెండరు పోస్టును ఈ కేటగిరీకి తగినదిగా గుర్తించి ఉంటేనే ఆ కోటా కింద అప్లై చేయగలడు. తగినవాళ్లు దొరక్కపోతే ఆ ఖాళీ రద్దు కాదు, మరుసటి ఏడాదికి వెళ్తుంది.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య శాతాన్ని ధ్రువీకరించే పత్రం, చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టేనని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అది కోటాలో పోటీ పడే అర్హత మాత్రమే. పోస్టుకు అడిగిన చదువు ఉండాల్సిందే. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి షోరూముకో, బీసెంట్ రోడ్డు బట్టల షాపుకో ఈ కోటా వర్తించదు. అక్కడ తీసుకోవడం యజమాని ఇష్టం.